తెరమీద వాన ఎప్పటిది?

ఆగస్టు నెల, టెక్సస్ ఎండ. మిత్రుడి సెస్నా 172లో కుడివైపు సీట్లో కూర్చున్నాను. నాలుగు సీట్ల విమానం, ఏసీ లేదు. అతను చిన్న ట్యాబ్ ఒకటి పట్టీతో తొడకు కట్టుకున్నాడు. తెరమీద పటం, పటం మీద మా విమానం బొమ్మ. మాతోపాటే అదీ కదులుతోంది. బయలుదేరిన ఇరవై నిమిషాలకు తెర ఉన్నట్టుండి నల్లబడి, థర్మామీటర్ బొమ్మ ప్రత్యక్షమైంది. చల్లబడేదాకా పనిచేయనని దాని అర్థం. అతను కంగారుపడకుండా జేబులోంచి ఫోను తీశాడు. అందులోనూ అదే యాప్, అవే పటాలు. “రెండోది లేకుండా గాలిలోకి లేవను” అన్నాడు.

పటాలు చూపే ఇలాంటి ట్యాబ్‌ను పైలట్లు ఎలక్ట్రానిక్ ఫ్లైట్ బ్యాగ్ అంటారు. ఒకప్పుడు వాళ్లు చేత్తో మోసుకెళ్లిన తోలు సంచీకి ఇది వారసురాలు. పటాలు, రన్‌వే వివరాలు, బరువు లెక్కలు, విమానం పుస్తకాలు అన్నీ ఆ సంచీలోనే ఉండేవి. పెద్ద విమానాల పైలట్లకు అది 16 కిలోల మోత. చిన్న విమానంలో బరువు కంటే చోటే పెద్ద ఇబ్బంది. సెస్నా 172 లోపలి వెడల్పు దాదాపు ఒక మీటరు. చేతులు బార్లా చాచినంత పొడవున్న కాగితపు పటాన్ని అందులో విప్పితే ఎదుటి డయళ్లు కనబడవు. అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ 2007లోనే సొంత విమానాలు నడిపేవారికి కాగితం బదులు తెరను వాడుకోవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. 2010లో ఐప్యాడ్ వచ్చాక ఆ వెసులుబాటును చిన్న విమానాల వాళ్లు రెండు చేతులా అందుకున్నారు.

కథ నిజానికి ఇంకా పాతది. 1930ల మొదట్లో టపా విమానాలు నడిపిన ఎల్రీ జెప్సన్ 10 సెంట్లు పెట్టి ఒక నోటుపుస్తకం కొన్నాడు. ఏ మైదానంలో దిగవచ్చు, ఏ కొండ ఎంత ఎత్తు, దారిలో ఏ రైతు ఫోను నంబరు ఎంత, అన్నీ అందులో రాసుకున్నాడు. రైతుకు ఫోను చేస్తే చేనుగట్టు మీద ఆకాశం ఎలా ఉందో చెప్పేవాడు. తోటి పైలట్లు అడగడంతో ఆ రాతలకు ప్రతులు తీసి 10 డాలర్ల చొప్పున అమ్మాడు. 1934 నాటికి అది వ్యాపారమైంది. తర్వాతి దశాబ్దాల్లో ఆ సంస్థ పటాలు ఏడు రింగుల ఫైళ్లలో పల్చటి కాగితాలుగా ఉండేవి. రెండు వారాలకోసారి టపాలో కొత్త కట్ట వస్తే పాత కాగితం ఊడదీసి కొత్తది చేర్చాలి. విసుగు పుట్టించే పనే. కానీ ఏది మారిందో చేతికి తెలిసేది. ట్యాబ్‌లో ఒక మీట నొక్కితే మొత్తం మారిపోతుంది, ఏది మారిందో మాత్రం కంటికి ఆనదు. నాకు ఇది చిన్న నష్టంగా కనబడదు.

వేడి సంగతి సులువు. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ చెబుతుంది. అద్దంలోంచి నేరుగా ఎండ పడే కాక్‌పిట్ ఆ హద్దును ఇట్టే దాటేస్తుంది. నీడలో ఉంచడం, గాలి తగిలేలా అమర్చడం, తెర వెలుగు తగ్గించడం మందు. ఇంకో జాగ్రత్త: ట్యాబ్ అట్టలోని అయస్కాంతం దిక్సూచి దగ్గరకు వస్తే ముల్లు పక్కకు తిరుగుతుంది. యాప్ కుప్పకూలడమూ ఉంది. 2015 ఏప్రిల్‌లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ పైలట్ల ఐప్యాడ్లలో అలా జరిగి పదుల కొద్దీ విమానాలు ఆలస్యమయ్యాయి. వాషింగ్టన్‌లోని రీగన్ విమానాశ్రయం పటం ఒకటి రెండుసార్లు చేరిపోవడమే కారణమని తేలింది. అయితే ఆరిపోయిన తెర పైలట్‌ను మోసం చేయదు. పోయిందని అదే చెబుతుంది. నా భయమంతా వెలుగుతూనే పాత సంగతి చెప్పే తెర గురించే.

విమానయాన పటాల సమాచారానికి ప్రపంచమంతా ఒకటే లెక్క. మార్పులు 28 రోజులకోసారి, గురువారం నాడు అమల్లోకి వస్తాయి. గడువు దాటిన పటం పోయిన ఉగాది పంచాంగం లాంటిది. చూడటానికి అంతా బాగానే ఉంటుంది, తిథి మాత్రం తప్పు. యాప్ గడువు తేదీని చూపిస్తుంది కాబట్టి ఇక్కడ దిద్దుకోవచ్చు. వానతోనే చిక్కు.

అమెరికాలో నేలమీది కేంద్రాలు 978 మెగాహెర్ట్జ్ మీద వాతావరణ సమాచారాన్ని ఉచితంగా ప్రసారం చేస్తాయి. అరచేతిలో పట్టే రిసీవర్‌ను కిటికీకి అతికిస్తే ట్యాబ్‌లో ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మచ్చలుగా వాన కనిపిస్తుంది. మూలలో ‘2 నిమిషాల క్రితం’ అన్న అంకె ఉంటుంది. ఆ అంకె వాన వయసు కాదు, బొమ్మ కూర్చిన వేళ. ఒక్కో రాడార్ ఆకాశాన్ని పొరలు పొరలుగా చుట్టి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఎన్నో రాడార్ల చిత్రాలను అతికి ఒకే బొమ్మ చేయడానికి, ప్రసారానికి ఇంకొన్ని. ప్రమాదాలపై దర్యాప్తు చేసే ఎన్‌టీఎస్‌బీ 2012లో ఈ విషయమై హెచ్చరిక జారీ చేసింది. ఒక్కోసారి అసలు వాన, తెర చెప్పే వయసు కంటే 15 నుంచి 20 నిమిషాలు పాతదై ఉండవచ్చని చెప్పింది. గంటకు 220 కిలోమీటర్ల వేగంతో సాగే సెస్నా 15 నిమిషాల్లో 55 కిలోమీటర్లు వెళుతుంది. ఆలోగా ఉరుముల మేఘమూ ఊరుకోదు, జరుగుతుంది, పెరుగుతుంది. తెరమీద రెండు ఎర్రమచ్చల మధ్య ఖాళీ చూసి అందులోకి దూరితే, ఎప్పుడో మూసుకుపోయిన దారిలోకి వెళ్లినట్టే. ఉరుముల మేఘానికి ఎంతో దూరంలోనే పక్కకు తప్పుకోవడానికి ఈ బొమ్మ అద్భుతంగా పనికొస్తుంది. సందులోంచి దూరిపోవడానికి పనికిరాదు.

ఆ సాయంత్రం తిరుగు ప్రయాణంలో చల్లబడిన ట్యాబ్ మళ్లీ వెలిగింది. ఇంటి దారిలో రెండు ఎర్రమచ్చలు, మధ్యలో చక్కని ఖాళీ. మూలలో ‘3 నిమిషాలు’ అని ఉంది. నేను ఆ ఖాళీని వేలితో చూపించాను. అతను తెర వైపు కాక ఎదుటి అద్దం వైపు చూపించాడు. అక్కడ ఒకటే నల్లటి గోడ, దాని అడుగున మెరుపులు. విమానాన్ని ఎడమకు తిప్పి, పది నిమిషాల దూరంలో ఉన్న చిన్న విమానాశ్రయంలో దించాడు. రేకుల షెడ్డు కింద గంటన్నర కూర్చున్నాం. వాన ముందు దూరాన పొలాల మీద కనిపించింది, తర్వాత మా రేకుల మీదే పడింది.