జానెడు చోటు

సంక్రాంతికి మిషిగన్ నుంచి వచ్చిన మా అక్క కొడుకు సూట్‌కేసు తెరవగానే, చాక్లెట్ల కోసం మూగిన పిల్లలకు మూడు ముక్కలుగా విప్పిన విల్లు కనిపించింది. మధ్యలో చెక్క పిడి, పైనొకటి కిందొకటి వంపు రెక్కలు. బిగించి అల్లెతాడు ఎక్కిస్తే వాడి భుజం దాకా వచ్చింది.

ఆఫీసు స్నేహితులు ఈ ఏడు జింకల వేటకు రమ్మన్నారట. అమెరికాలో విల్లుతో వేటకు లైసెన్సు ఇస్తారు. మిషిగన్‌లో ఆ సీజన్ అక్టోబరు 1న మొదలవుతుంది. ‘గురి కుదిరింది మామా, ఈ వీడియో చూడు’ అంటూ ఫోన్ చేతికిచ్చాడు. కాగితపు ప్లేటులో అయిదు బాణాలు, అయిదూ లోపలే.

ముప్పై ఏళ్లు కాలేజీలో స్టాటిస్టిక్స్ చెప్పినవాణ్ణి. అయిదింటికి అయిదు అని ఎవరన్నా అంటే, మొత్తం ఎన్ని వేశావని అడగందే నోరు ఊరుకోదు. ‘ఆ రోజు ఓ నలభై వేసుంటా’ అన్నాడు.

ముందు ఒక మాట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం ప్రకారం వేట నేరం. ఇంగ్లండులో తుపాకితో జింకను వేటాడొచ్చు గానీ, విల్లుతో వన్యమృగాల్ని చంపడాన్ని 1981 చట్టం నిషేధించింది. కాబట్టి సంగం దగ్గర పెన్న ఒడ్డున మేం కొట్టిందల్లా గోతాల్నే. మూడు గోతాల్లో వరిగడ్డి కుక్కి కట్ట వాలుకు ఆనించాం, తప్పిన బాణం మట్టిలో దిగేలా. గోతం మీద ఒక కాగితపు ప్లేటు గుచ్చాం. కొలిస్తే 20 సెంటీమీటర్లు. నా చేత్తో జానెడు.

ప్లేటు ఎందుకంటే, అక్కడి తెల్లతోక జింకకు గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు పక్కనుంచి చూస్తే ఇంచుమించు అంతే ఉంటుంది. తూటా కొట్టే దెబ్బ వేరు. బాణం పని కోయడం. దాని ములికి రక్తనాళాల్ని తెగ్గోస్తే నెత్తురు పోయి జంతువు పడిపోతుంది. ఊపిరితిత్తుల్లో దిగితే ఎక్కువసేపు పట్టదు. జానెడు వెనక్కి జరిగి పొట్టలో దిగితే ఆ జంతువు ఏ పొదలోనో గంటల తరబడి చస్తుంది, వేసినవాడికి దొరకను కూడా దొరకదు. పోటీలో ఒక బాణం ఆరు పాయింట్ల వలయంలో పడితే, తర్వాత పది పాయింట్ల బాణాలతో సర్దుకోవచ్చు. ఇక్కడ సర్దుబాటు లేదు.

ఇక ఆ అయిదింటికి అయిదు సంగతి. అసలు సత్తా 100కి 80 ఉన్నవాడు అయిదేసి బాణాల చొప్పున వేస్తూ పోతే, ఇంచుమించు మూడుసార్లకు ఒకసారి అయిదూ లోపలే పడతాయి. 55 మాత్రమే ఉన్నవాడికి కూడా ఇరవైసార్లకు ఒకసారి అలా పడతాయి. ఆ ఒక్కసారే ఫోన్లో వీడియోగా మిగులుతుంది. మిగతావి ఎవరు దాచుకుంటారు? అయిదింటికి అయిదు అనేది, ‘వీడి గురి 55 కన్నా మెరుగై ఉండాలి’ అనడానికి మాత్రమే ఆధారం. వరసగా ముప్పై లోపల పడితే 90 కన్నా మెరుగని కాస్త ధైర్యంగా అనొచ్చు. 95 అనాలంటే అరవై దాకా తప్పకుండా పడాలి. మధ్యలో ఏరుకోకూడదు, ‘ఇది జారింది, లెక్కలోకి రాదు’ అనకూడదు.

మావాడికి ఈ లెక్క నచ్చలేదు. ‘ప్లేటు 20 మీటర్లలో ఉంది, సరే, 30కి పోదాం, 40కి పోదాం, అక్కడా చూపిస్తా’ అన్నాడు. దూరం పెరిగితే ఏమవుతుందో చాలామంది తప్పుగా ఊహిస్తారు. చేతిలో వణుకు, వదలడంలో తేడా అంతా కోణంలో ఉంటుంది. దూరం రెట్టింపైతే బాణాల చెదురు కూడా రెట్టింపు, అవి పరుచుకునే వైశాల్యం నాలుగింతలు. ప్లేటు మాత్రం పెరగదు. బాణాలు మామూలుగా మధ్యలో ఒత్తుగా, అంచుల్లో పలచగా పడతాయనుకుని లెక్కేస్తే, 20 మీటర్ల దగ్గర 100కి 95 ప్లేటులో వేసేవాడు 30 దగ్గర 74 వేస్తాడు, 40 దగ్గర 53. అంటే బొమ్మా బొరుసే. ఇది గాలి లేని, దూరం కచ్చితంగా తెలిసిన రోజు మాట.

దూరం తెలియడమనేది చిన్న విషయమనుకున్నాడు. ఇసుకలో ఒక కర్ర పాతి ఎంత దూరమో చెప్పమన్నాను. ఒక కన్ను మూసి చూసి ‘25’ అన్నాడు. పొలాలు కొలిచే టేపు పరిస్తే 31. అడ్డం ఏమీ లేని బయలులో కంటికి దూరం తగ్గినట్టే తోస్తుంది, పెన్న ఇసుక అచ్చం అలాంటిదే. ఇప్పుడు ఆ తప్పు ఖరీదెంత? మావాడి విల్లులాంటిది బాణాన్ని సెకనుకు 55 మీటర్ల వేగంతో, అంటే గంటకు దగ్గరదగ్గర 200 కిలోమీటర్లతో వదులుతుంది. వినడానికి ఘనంగా ఉంటుంది గానీ 31 మీటర్లు పోవడానికి అర సెకను దాటుతుంది. ఆలోపు భూమి దాన్ని మీటరున్నర పైన కిందికి లాగేస్తుంది. ఆ పడడాన్ని ముందే లెక్కలో వేసుకుని కాస్త పైకి ఎక్కుపెడతాం. 25 అనుకుని ఎక్కుపెట్టిన బాణం 31 దగ్గర 30 సెంటీమీటర్లు కిందపడుతుంది. చెయ్యి వణకలేదు, గాలి లేదు, బాణం వంకర లేదు. ఒక్క అంకె తప్పింది, జానన్నర కిందికి పోయింది. చక్రాలుండే కాంపౌండ్ విల్లు సెకనుకు 85 మీటర్లతో వదిలితే ఇదే తప్పు 13 సెంటీమీటర్లకు తగ్గుతుంది. ప్లేటు సగం 10 సెంటీమీటర్లే కాబట్టి అది కూడా బయటే.

పోటీల్లో ఈ తలనొప్పి లేదు. ఒలింపిక్స్‌లో 70 మీటర్ల దగ్గర 122 సెంటీమీటర్ల లక్ష్యం, అందులో పది పాయింట్ల వలయం 12.2 సెంటీమీటర్లు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో 2023లో మూడు స్వర్ణాలు గెలిచిన కాంపౌండ్ పోటీలో దూరం 50 మీటర్లు, పది వలయం 8 సెంటీమీటర్లు. జాన కన్నా ఎంత చిన్నవో చూడండి. కానీ ఆ గడ్డి చాప ఎంత దూరంలో ఉందో సెంటీమీటరుతో సహా తెలుసు, గాలి చూపించే జెండా ఉంటుంది, మొదలుపెట్టేముందు చెయ్యి అలవాటుపడేలా కొన్ని బాణాలు వేసుకోనిస్తారు. పైగా లక్ష్యం పారిపోదు.

అర్జునుడికి పిట్ట కన్ను ఒక్కటే కనపడిందని చిన్నప్పుడు పాఠం చెప్పేవాళ్లు. ద్రోణుడు చెట్టు మీద పెట్టింది బొమ్మ పిట్ట అని మాత్రం ఎవరూ నొక్కి చెప్పరు. బతికున్న జింక తాడు చప్పుడు వింటుంది. 30 మీటర్ల దూరానికి చప్పుడు సెకనులో పదో వంతు కన్నా ముందే చేరుతుంది. బాణం ఇంకా దారిలోనే, మరో నాలుగున్నర పదో వంతులు పట్టేలా ఉంటుంది. బెదిరిన జింక దూకడానికి ముందు కాళ్లు మడిచి ఒళ్లు కిందికి దించుతుంది. పావు సెకనులో కింద పడే ఏ వస్తువైనా 30 సెంటీమీటర్లు దిగుతుంది కదా. ఎంత గొప్ప విలుకాడైనా ఎక్కుపెట్టిన చోట అప్పటికి జంతువు వీపు ఉంటుంది, లేదా గాలి ఉంటుంది. ఈ తప్పుకు సాధనతో మందు లేదు. దగ్గరికి పోవడమొక్కటే దారి.

చాన్నాళ్ల కింద ప్రకాశం వైపు నల్లమలలో, దోర్నాలలో బస్సు కోసం ఆగినప్పుడు ఒక చెంచు పెద్దాయనతో టీ తాగాను. వాళ్ల తాతల నాటి వెదురు విల్లుల గురించి మాట వచ్చింది. ‘ఎంత దూరం నుంచి కొట్టేవాళ్లు తాతా’ అని అడిగితే, తిక్క ప్రశ్న అన్నట్టు చూశాడు. ‘కొట్టేది ఆఖర్న సామీ. పొద్దంతా నడిచేది’ అన్నాడు.

మర్నాడు పొద్దున మావాడు కాఫీ తాగుతుండగా పిలిచి, గోతం దగ్గరికి తీసుకుపోయి, ఒక్క బాణం చేతికిచ్చాను. 20 మీటర్లు, నిన్న ఇరగదీసిన దూరమే. వదిలాడు. ప్లేటుకు బెత్తెడు ఎడంగా గడ్డిలో దిగింది.

‘ఇది లెక్క కాదు మామా, ఒళ్లు ఇంకా వేడెక్కలా.’

‘అక్కడ జింకను ఆగమని చెప్తావా అబ్బయా?’

వేటలో వేసేదెప్పుడూ తొలి బాణమే. గంటల తరబడి చలిలో కదలకుండా కూర్చుని, చేతులు కొయ్యబారి, జంతువు కనపడగానే గుండె దడదడలాడుతుంటే వేసేది. పదో బాణం ఎంత బాగుంటే ఏం? అందుకే మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. రోజుకు ఒకే ఒక్క బాణం, వామప్ లేకుండా. కొన్ని రోజులు మోకాళ్ల మీద, కొన్ని రోజులు కట్ట ఎక్కి దిగి ఆయాసపడుతూ, కొన్ని రోజులు మందపాటి జాకెట్టు వేసుకుని. పడ్డచోట తేదీ రాయాలి. వేటకు వాడే వెడల్పు ములికి తొడిగాక మళ్లీ మొదలుపెట్టాలి, ఎందుకంటే అది సాధన ములికి పోయినట్టే పోదు. ముప్పై రోజులకు ముప్పై తొలి బాణాలు. ఏ దూరంలో అవి ప్లేటులోనే ఉంటాయో ఆ దూరమే వాడి దూరం, స్నేహితులు ఎంత దూరం నుంచి కొడతామన్నా సరే.

ఇక్కడున్న పన్నెండు రోజుల్లో 20 నుంచి 15 మీటర్లకు దిగాడు. మొహం మాడ్చుకున్నాడు గానీ దిగాడు. మిగతా సాధన అక్కడికి పోయాక మళ్లీ ఒకటో రోజు నుంచి, ఇంటి వెనక పెరట్లో.

మొన్న ఫొటో పంపాడు. 15 మీటర్ల ప్లేటు, చుట్టూ తేదీలు. ఇరవై తొమ్మిది చిల్లులు లోపల ఉన్నాయి. ముప్పైకి ఇరవై తొమ్మిదైనా అసలు గురి 85 దాకా తక్కువ ఉండే వీలుంది, ఆ సంగతి తర్వాత చెప్దామనుకున్నాను. ముప్పయ్యోది ప్లేటు బయట రెండు వేళ్ల ఎడంగా ఉంది, దాని తేదీని పెన్నుతో కొట్టేసి పక్కన ‘రాత్రి నిద్ర లేదు’ అని రాశాడు.

ఆ తేదీ మళ్లీ రాసి పంపమన్నాను.