ఫరహాబాద్ బంగళా వారసులెవరు? 1942లో జరిగింది చూస్తే తెలుస్తుంది

నల్లమలలో పులుల కోసం ప్రత్యేకించిన కోర్ ఏరియాలోని చెంచు పెంటలను, అంటే చెంచు గిరిజనుల చిన్న చిన్న ఊళ్లను, బయటికి తరలించే మాట మళ్లీ రాజుకుంది. 2024 జూన్‌లో జాతీయ పులుల సంరక్షణ సంస్థ రాష్ట్రాలకు ఒక లేఖ రాసింది. దేశంలోని టైగర్ రిజర్వుల కోర్ ప్రాంతాల్లో ఇంకా 591 గ్రామాలు, 64,801 కుటుంబాలు ఉన్నాయని, తరలింపు వేగం పెంచాలని దాని సారాంశం. అప్పటి నుంచి నల్లమలలో తెలంగాణ వైపున్న అమ్రాబాద్‌లో ఈ టెన్షన్ తగ్గినట్టే తగ్గి మళ్లీ పెరుగుతోంది. ఎప్పుడు వాదన జరిగినా ఇరుపక్షాలూ ఫరహాబాద్ కొండ మీది నిజాం కాలపు వేట బంగళానే సాక్ష్యానికి తెచ్చుకుంటాయి. నిజాం రోజుల నుంచే అది జంతువుల కోసం కాపాడిన అడవి అంటుంది అటవీశాఖ. నిజాంకు పులి జాడ చూపించింది మా తాతలే కదా అంటారు చెంచులు.

నిజాంల షికారు కథలు చాలామంది విన్నవే. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు పులి వేట అంటే ఎంత పిచ్చో కొత్తగా చెప్పక్కర్లేదు. ఫరహాబాద్‌లోని విడిది ఫలక్‌నుమా లాంటి భవనమేమీ కాదు. ఎండాకాలంలోనూ కాస్త చల్లగా ఉండే పీఠభూమి మీద, వేటకొచ్చిన దొరలు నాలుగు రోజులు తలదాచుకోవడానికి కట్టుకున్న చోటు. ఇప్పుడది శిథిలం. దాని గోడల కథ కంటే దాని చుట్టూ ఉన్న అడవి ఎవరి పేరు మీద ఎలా మారిందన్నదే నేటి గొడవకు అసలు మూలం. ఆ కథలో మలుపు 1940, 1942 మధ్య ఉంది.

1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా మానవ శాస్త్రవేత్త మన దేశంలో ఉన్నాడు. ఆస్ట్రియాను అప్పటికే హిట్లర్ కలిపేసుకోవడంతో ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. ఇంగ్లీషువాళ్ల లెక్కలో శత్రుదేశస్థుడు. హైదరాబాద్ సంస్థానం దాటకూడదన్న షరతు మీద వదిలిపెట్టారు. 1940లో భార్య బెట్టీతో కలిసి అమ్రాబాద్ పీఠభూమి ఎక్కి, చెంచుల మధ్య నెలల తరబడి ఉన్నాడు. ఆ అధ్యయనమే 1943లో పుస్తకంగా వచ్చింది.

ఆయన రాసిన వాటిలో ఈ వివాదానికి పనికొచ్చే ముక్క ఒకటుంది. బయటివాళ్లకు ఎవరిదీ కానట్టు కనిపించే ఆ అడవిలో ఒక్కో చెంచు గుంపుకు తరతరాల హక్కున్న హద్దులున్నాయి. ఏ వాగు దాటితే ఎవరి నేలో, ఏ కొండ మీది తేనె ఎవరిదో వాళ్లకు తెలుసు. దొరవారి షికారు అడవి అని సర్కారు గీత గీసిన చోటే అంతకుముందున్న గీతలు ఇవి. అలాంటి హద్దులున్న అడవిలోకే కట్టె కొట్టించే కాంట్రాక్టర్లు, మేత కోసం కొండెక్కిన పశువుల మందలు, కింది స్థాయి సిబ్బంది మామూళ్లు వచ్చిపడ్డాయి. వెట్టి సంగతి సరేసరి.

మామూలు రోజుల్లో అయితే ఇలాంటి నివేదిక ఏ బీరువాలోనో పడి ఉండేది. కానీ 1940లోనే ఆదిలాబాద్ జిల్లా జోడేఘాట్‌లో కుమ్రం భీం, ఆయన అనుచరులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. అడవి మీద పన్నులు, కేసులు పెంచుకుంటూ పోతే ఏమవుతుందో నిజాం సర్కారుకు తెలిసొచ్చింది. నా లెక్కలో చెంచుల మొర వినిపించడానికి సగం కారణం ఆ భయమే. 1942లో హైమెన్‌డార్ఫ్ సిఫార్సు మీద అమ్రాబాద్ పైపీఠభూమిలో దాదాపు లక్ష ఎకరాలను చెంచు రిజర్వుగా ప్రకటించారు. అందులో చెంచులు తమ పద్ధతిలో బతకొచ్చు, గడ్డలు తవ్వుకోవచ్చు, తేనె తీసుకోవచ్చు, అటవీ ఉత్పత్తులు వాడుకోవచ్చు. వేట బంగళా కట్టిన ప్రభుత్వమే దాని చుట్టూ ఉన్న అడవిలో ముందు నుంచీ మనుషులున్నారని, వాళ్లకు అక్కడ బతికే చోటుండాలని కాగితం మీద ఒప్పుకున్న సందర్భం ఇది.

అదేదో స్వర్గమని కాదు. అది ప్రభువు దయగా ఇచ్చింది, హక్కుగా రాసిచ్చింది కాదు. ప్రభువు పోతే దయ ఎక్కడుంటుంది? 1948 సెప్టెంబరులో సంస్థానం భారత్‌లో కలిసింది. అడవి, బంగళా, గేటు, గార్డు అన్నీ కొత్త ప్రభుత్వానికి వచ్చాయి.

అయితే ఒక గుర్తు మాత్రం మిగిలింది, దాన్ని ఇవాళ్టి చర్చల్లో ఎవరూ పెద్దగా పట్టించుకోరు. 1950లో రాష్ట్రపతి జారీ చేసిన షెడ్యూల్డ్ ప్రాంతాల (ప్రత్యేక రక్షణ ఉన్న గిరిజన ప్రాంతాల) ఉత్తర్వులో అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా కింద ఊళ్ల పేర్లు వరుసగా ఉన్నాయి. అప్పాపూర్, రాంపూర్, పుల్లాయిపల్లి, కొల్లంపెంట, తాటిగుండాల, సార్లపల్లి, మన్ననూర్, అమ్రాబాద్. పదుల సంఖ్యలో పెంటలు పేరుపేరునా ఉన్నాయి. టైగర్ రిజర్వ్ అనే మాట పుట్టడానికి ఇంకా రెండు దశాబ్దాలకు పైగా ఉందప్పుడు. కోర్‌లోకి జనం చొరబడ్డారు అన్నట్టు ఎవరైనా మాట్లాడితే ముందు ఆ జాబితా చదవమనాలి.

తర్వాతి కథ వేగంగా నడిచింది. 1972లో వన్యప్రాణి చట్టం, 1978లో అభయారణ్యం, 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్. అప్పట్లో దేశంలోకెల్లా పెద్దది. 2014లో రాష్ట్రం విడిపోయాక తెలంగాణ వైపు వచ్చిన ముక్కే అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. ప్రతి అడుగులోనూ మ్యాపు పులి కోసం గీశారు. 1942 నాటి గీత ఆ మ్యాపుల్లో ఎక్కడా లేదు.

అటవీశాఖ వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. పులి పిల్లల్ని పెంచాలంటే మనుషుల అలికిడి లేని చోటు కావాలంటుంది. పెంటల్లో బడి, ఆసుపత్రి అందక పిల్లలు నష్టపోతున్నారంటుంది. బయటికొస్తామని ముందుకొచ్చే కుటుంబాలూ ఉన్నాయి. కానీ ఆ శాఖే బేస్ క్యాంపుల్లో కాపలాకు, పులి అడుగులు పట్టడానికి చెంచు యువకుల్నే పెట్టుకుంటుంది. నిజాం షికారుకు పనికొచ్చిన చెంచు చూపే ఇప్పుడు పులుల లెక్కకూ పనికొస్తోంది. బంగళాకు బదులుగా ఇప్పుడు మన్ననూర్‌లో పర్యాటకుల కాటేజీలున్నాయి, ఫరహాబాద్ గేటు నుంచి సఫారీ బండ్లు నడుస్తున్నాయి. టికెట్ కొన్నవాళ్ల వల్ల పులికి ఇబ్బంది లేదట! ఈ సంగతి ఎవరైనా అటవీశాఖ పెద్దలు వివరిస్తే వినాలని ఉంది.

2019 నాటి యురేనియం గొడవ కూడా ఇక్కడ గుర్తు చేసుకోవాలి. నల్లమలలో 83 చదరపు కిలోమీటర్లలో అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు జనం తిరగబడ్డారు. ఆ సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ యురేనియం తవ్వకాలకు వ్యతిరేకంగా ఏకగ్రీవ తీర్మానం చేసింది. ఆ రోజుల్లో ఏ పార్టీ నాయకుణ్ని కదిపినా చెంచుల పేరే చెప్పేవాడు.

ఇక చట్టం. 2006లో వన్యప్రాణి చట్టానికి చేర్చిన 38వి సెక్షన్ ప్రకారం తరలింపు స్వచ్ఛందంగానే జరగాలి. అంతకుముందే అటవీ హక్కుల గుర్తింపు పూర్తి కావాలి. మనుషుల వల్ల పులికి పూడ్చలేని నష్టం జరుగుతోందని, కలిసి బతికే దారేదీ లేదని తేల్చాలి. గ్రామసభ ఒప్పుకోవాలి. అటవీ హక్కుల చట్టమైతే చెంచుల లాంటి ఆదిమ తెగలకు ఆవాస హక్కు అనే ప్రత్యేక హక్కునే ఇచ్చింది, అంటే తరతరాలుగా తాము బతికిన ప్రాంతం మీద ఆ తెగకు ఉమ్మడి హక్కు. తరలే కుటుంబానికి 10 లక్షలుగా ఉన్న పరిహారం ప్యాకేజీని 2021లో 15 లక్షలు చేశారు. చర్చంతా ఆ అంకె చుట్టూనే తిరుగుతోంది, మిగతా షరతుల ఊసు లేదు.

షెడ్యూల్డ్ ప్రాంతంలో గ్రామసభ అంటే పంచాయతీ ఆఫీసులో పెట్టే మీటింగు కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే పెసా చట్టం లెక్కన ఒక పెంట తానే ఒక గ్రామం కావచ్చు, దాని సభ దానిదే. కాబట్టి అధికారులు తరలింపు జాబితా తీసిన ప్రతిసారీ అడగాల్సిన కాగితాలు రెండున్నాయి. ఒకటి, ఆ పెంటకు ఆవాస హక్కు తేల్చిన ఉత్తర్వు. రెండోది, ఆ పెంటలోనే జరిగిన సభ తీర్మానం, దాని మీద ఎవరెవరి వేలిముద్రలున్నాయో చూపే పుట.