పేపర్ మాషే శిల్పం: అపోహలు - వాస్తవాలు

పేపర్ మాషే అంటే కాగితపు ముక్కల్ని గానీ, కాగితపు గుజ్జును గానీ జిగురుతో పొరలుగా వేసి ఎండబెట్టి బొమ్మలు చేయడం. కొత్తగా నేర్చుకునేవాళ్ల బొమ్మలు పగిలినా, వంకర పోయినా, బూజు పట్టినా తప్పు చేతిపనిలో ఉందనుకుంటారు. చాలాసార్లు తప్పు తడి దగ్గర జరుగుతుంది. కాగితంలోకి ఎంత నీరు పోయింది, అది ఎంత సమానంగా బయటికి వచ్చింది అన్నదే బొమ్మ నిలుస్తుందో లేదో తేలుస్తుంది.

అపోహ: జిగురు ఎంత పట్టిస్తే బొమ్మ అంత గట్టిగా ఉంటుంది.

వాస్తవం: గట్టిదనం కాగితపు పీచుది. ఆ పీచును పొరకు పొర పట్టి ఉంచడం వరకే జిగురు పని. కాగితపు ముక్కను జిగురులో ముంచాక రెండు వేళ్ల మధ్య నుంచి లాగి, మిగులు జిగురును గిన్నెలోకే దించేయాలి. ముక్క తడిగా మెరవాలి గానీ చుక్కలు కారకూడదు. అతికించాక మధ్య నుంచి అంచులకు వేలితో రాస్తూ గాలి బుడగల్ని బయటికి నెట్టాలి. పొరల మధ్య జిగురు నిలిచిపోతే పైన ఎండినా లోపల చెమ్మ ఉండిపోతుంది. కొన్నాళ్లకు ముక్కవాసన, ఆ తర్వాత బూజు మొదలయ్యేది అక్కడే.

జిగురు పాళ్లు కూడా చెప్పుకోవాలి. ఒక కప్పు మైదాను ఒక కప్పు చన్నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నాలుగు కప్పుల నీళ్లలో పోయాలి. సన్నటి మంట మీద రెండు మూడు నిమిషాలు కలుపుతూ ఉంటే తెల్లదనం తగ్గి, గరిటెకు పలచగా పట్టుకుంటుంది. అప్పుడు దించేయాలి. చల్లారితే ఇంకా చిక్కబడుతుంది కాబట్టి కాస్త పలచగా ఉండగానే దించడం మేలు. రెండు చెంచాల ఉప్పు బూజును ఆలస్యం చేస్తుందే తప్ప ఆపదు. పీవీఏ తెల్ల జిగురు వాడితే రెండు పాళ్ల జిగురుకు ఒక పాలు నీళ్లు. ఇది బూజును బాగా తట్టుకుంటుంది. కానీ ఎండాక కాస్త సాగే గుణం ఉండటంతో సాండ్‌పేపర్‌కు సరిగా లొంగదు. అందుకే పైన నున్నగా రుద్దాల్సిన బొమ్మకు చివరి పొరలు మైదా జిగురుతో వేయడం మంచిది.

అపోహ: ఎండలో పెడితే ఒక్క పూటలో పనైపోతుంది.

వాస్తవం: గట్టి ఎండకు పైపొర ముందు బిగుసుకుని, లోపలి తడికి దారి మూసేస్తుంది. ఊదిన బెలూన్‌ను అచ్చుగా పెట్టి దాని మీద పొరలు వేసిన పనికి నష్టం ఇంకా ఎక్కువ. ఎండకు లోపలి గాలి వ్యాకోచించి తడి పెంకును చీలుస్తుంది. రాత్రి చల్లబడగానే బెలూన్ కుంచించుకుని పొరల్ని లోపలికి లాగేస్తుంది. నీడలో, ఫ్యాన్ గాలికి, కిందనుంచి కూడా గాలి తగిలేలా జాలీ మీద పెట్టి, కొన్ని గంటలకోసారి తిప్పాలి. ఒక్క విడతలో మూడు పొరలు మించొద్దు. అవి పూర్తిగా ఎండాకే తర్వాతి మూడు.

ఎండిందో లేదో చేతి వేళ్లకు సరిగా తెలియదు. బొమ్మను చెంపకు ఆనించి చూడండి. చల్లగా తగిలితే నీరు ఇంకా ఆవిరవుతున్నట్టే. చిన్న బొమ్మలైతే పూటకోసారి తూకం వేయొచ్చు. వరుసగా రెండుసార్లు ఒకే బరువు చూపిస్తే ఎండినట్టు.

అపోహ: కాగితాన్ని కత్తెరతో నీటుగా కత్తిరించుకుంటే పని నున్నగా వస్తుంది.

వాస్తవం: కత్తిరించిన అంచు పైపొరలోంచి గీతలా తేలుతుంది. చింపిన అంచులో పీచు పలచబడి కింది పొరలో కలిసిపోతుంది. న్యూస్‌పేపర్ ఒక దిక్కున తిన్నగా చిరుగుతుంది, అడ్డంగా చింపితే ఎటో పోతుంది. తిన్నగా చిరిగే దిక్కు పట్టుకుని రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పు ముక్కలు చింపుకోవాలి. ముక్కు, చెవి లాంటి ఒంపుల దగ్గర ఒక సెంటీమీటరు చాలు, అంతకన్నా వెడల్పుగా ఉంటే ముడతలు పడతాయి. ఒక పొర నిలువుగా, తర్వాతిది అడ్డంగా. ఒక పొరకు న్యూస్‌పేపర్, దాని మీదికి గోధుమరంగు ప్యాకింగ్ కాగితం వాడితే ఎక్కడ ఖాళీ మిగిలిందో రంగును బట్టి కనిపిస్తుంది.

మెరిసే మ్యాగజైన్ కాగితం వద్దు. దాని పూత జిగురును లోపలికి పీల్చుకోనివ్వదు.

అపోహ: గుజ్జు ఎంత మెత్తగా రుబ్బితే అంత మంచిది.

వాస్తవం: ఎక్కువ రుబ్బితే పీచు తెగి బలం పోతుంది. కాగితాన్ని రాత్రంతా నానబెట్టి, అరగంట ఉడికించి, ధారాళంగా నీళ్లు పోసి కొద్దిసేపే మిక్సీలో తిప్పాలి. ఒళ్లు నింపడానికి బరక గుజ్జు, ముఖ కవళికలకు మాత్రమే మెత్తనిది. పిండేసిన గుజ్జు రెండు కప్పులకు పీవీఏ అర కప్పు, సుద్ద పొడి అర కప్పు, మైదా రెండు చెంచాలు. సుద్ద వేయడం వల్ల ఎండేటప్పుడు కుంచించుకోవడం తగ్గుతుంది. లోపలి ఆర్మేచర్, అంటే బొమ్మ ఆకారాన్ని నిలిపే చట్రం, కుంచించుకోదు, పైన గుజ్జు కుంచించుకుంటుంది, పగుళ్లకు మూలం ఇదే. కాబట్టి ఒక విడతకు అర సెంటీమీటరు మందం దాటకూడదు. ఎండిన పొర మీద గుజ్జు పెట్టేముందు పలచని జిగురు పూయకపోతే అది పెచ్చుగా ఊడొస్తుంది.

అపోహ: పలకలాంటి బల్లపరుపు పని తేలిక.

వాస్తవం: వంకర పోయేది ఎక్కువగా అదే. ఒకవైపే తడి పొరలు వేస్తే ఎండేటప్పుడు ఆ వైపుకు లాగుతుంది. అట్టకు రెండువైపులా అన్నే పొరలు, ఒకే విడతలో వేయాలి.

అపోహ: ఇది పిల్లల కాలక్షేపం, గట్టి వస్తువులకు పనికిరాదు.

వాస్తవం: 1772లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌కు చెందిన హెన్రీ క్లే కాగితాల్ని పొరలుగా అతికి పలకలు చేసే పద్ధతికి పేటెంట్ పొందాడు. వాటిని గుర్రపు బగ్గీల పక్క పలకలకు, ట్రేలకు వాడారు. పొరల మధ్య చెమ్మ మిగలకుండా చేస్తే కాగితం చెక్కలా పనిచేస్తుంది.

అపోహ: వార్నిష్ పూస్తే వానలో పెట్టినా ఏమీ కాదు.

వాస్తవం: వార్నిష్ తడి గుడ్డ తుడుపును, గాలిలోని తేమను కొంతమేర ఆపుతుంది. నిలిచిన నీటిని ఆపదు. గుండుసూది మొనంత రంధ్రం మిగిలినా నీరు లోపలికి చేరి పొరల్ని ఉబ్బిస్తుంది. పూర్తిగా ఎండని బొమ్మకు పూస్తే లోపలి తడినే బంధించినట్టవుతుంది. ముందు సుద్ద, పీవీఏ కలిపిన తెల్ల పూత రెండుసార్లు, సాండ్‌పేపర్, రంగు, ఆ తర్వాతే పలచగా రెండు మూడు వార్నిష్ పూతలు. రుద్దేటప్పుడు సుద్ద దుమ్ము లేస్తుంది, ముక్కుకు మాస్కు కట్టుకోవాలి. అందరూ వదిలేసేది బొమ్మ అడుగు భాగం. బల్ల మీది తడి ఎక్కేది అక్కడినుంచే కాబట్టి పూతలన్నీ దానికీ పడాలి.