దక్షిణాఫ్రికా జెండా: కుట్టేవాళ్లకి తెలిసిన కొన్ని అపోహలు, వాస్తవాలు

నేను జెండాలు కుట్టిస్తాను. స్కూళ్లకీ, హోటళ్లకీ, సదస్సులకీ దేశదేశాల జెండాలు మా షెడ్డులోంచి వెళ్తుంటాయి. 18 ఏళ్లుగా ఇదే పని. అన్నింటిలోకీ ఎక్కువ పొరపాట్లు జరిగేది దక్షిణాఫ్రికా జెండా దగ్గరే. కుట్టులో జరిగేవి కొన్నయితే, దాని గురించి చెప్పుకునే మాటల్లో జరిగేవి ఇంకా ఎక్కువ.

అపోహ: ఎరుపంటే చిందిన రక్తం, ఆకుపచ్చంటే పొలాలు, పసుపంటే బంగారు గనులు, నీలమంటే సముద్రం.

వాస్తవం: ఏ రంగుకీ అధికారికమైన అర్థం లేదు. రంగులు ఒక్కొక్కరికీ ఒక్కోలా అర్థమవుతాయి కాబట్టి అందరికీ కలిపి ఒకే అర్థం అంటగట్టకూడదని అక్కడి ప్రభుత్వమే చెబుతుంది. నలుపు, ఆకుపచ్చ, పసుపు మండేలా పార్టీ అయిన ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ జెండాలో ఉన్నాయి. ఎరుపు, తెలుపు, నీలం బ్రిటిష్, డచ్చి జెండాల్లో ఉన్నాయి. ఎవరి గతం వాళ్లకి అందులో కనిపిస్తుంది. కర్ర వైపు రెండు మూలల నుంచి వచ్చి మధ్యలో కలిసిపోయే ఆ ఆకుపచ్చ పట్టీకి మాత్రం ఒక మాట చెబుతారు: వేరువేరు జనాలు కలిసి ఒకే దారిన ముందుకు సాగడం. తరతరాలు ఒకరి మీద ఒకరు కత్తిగట్టిన జనం ఒకే జెండా కింద నిలబడాలంటే, ఎవరి అర్థం వాళ్లు చూసుకునే చోటు ఉండాలి. క్విజ్ పుస్తకాలు ఆ చోటుని రక్తం, గనులు, సముద్రం అంటూ నింపేస్తుంటే నాకు నిజంగా బాధేస్తుంది.

ఆ ఎరుపు కూడా మామూలు ఎరుపు కాదు. రాజ్యాంగంలోనే దాన్ని ‘చిల్లీ రెడ్’ అని రాసుకున్నారు. ఎరుపుకీ నారింజకీ మధ్య కుదిరిన రాజీ అది. మా మాస్టరుకి షేడు కార్డు చూపించేకంటే పండుమిరప రంగు అంటే తొందరగా అర్థమవుతుంది.

కొలతలూ రాజ్యాంగంలోనే ఉన్నాయి. 60 సెంటీమీటర్ల వెడల్పు జెండా అయితే ఎరుపు 20, నీలం 20, ఆకుపచ్చ పట్టీ 12, దానికి రెండు వైపులా తెల్ల అంచులు చెరి 4. పొడవు 90. కర్ర పక్కనుండే నల్ల త్రికోణం వైపు అంచు మాత్రం తెలుపు కాదు, బంగారు రంగు (పైన పసుపన్నది ఇదే). చాలామంది ఈ అంచుని ఎగ్గొట్టేస్తారు. ఏటవాలుగా కోసిన బట్ట సాగుతుందని క్రాస్ కట్ జాకెట్టు కుట్టేవాళ్లందరికీ తెలుసు. ఇక్కడ ఆకుపచ్చ, తెలుపు, బంగారు పట్టీలు మూడూ కర్ర వైపు ఏటవాలే. కొంచెం లాగి కుట్టారంటే జెండా మధ్యలో అలలు లేస్తాయి. ఎంత ఇస్త్రీ చేసినా పోవు.

అపోహ: మండేలా గీయించిన జెండా. కాదంటే, పోటీలో గెలిచిన జెండా.

వాస్తవం: 1993లో పోటీ పెట్టిన మాట నిజమే. 7,000కు పైగా నమూనాలొచ్చాయి, ఒక్కటీ జనానికి నచ్చలేదు. చివరికి ఎంపికైనది ప్రభుత్వంలో రాజచిహ్నాల అధికారిగా ఉన్న ఫ్రెడరిక్ బ్రౌనెల్ నమూనా. ఆ ఊహ జ్యూరిక్‌లో జరిగిన జెండాల సదస్సులో కూర్చున్నప్పుడు తట్టిందని ఆయనే చెప్పారు. వర్ణవివక్ష పాలన ముగించే చర్చల్లో మండేలా పార్టీ తరఫున మాట్లాడిన సిరిల్ రామఫోసా దానికి మండేలా సమ్మతి తీసుకోవాలి. నమూనా ఫ్యాక్స్‌లో వెళ్లింది, అందులో రంగులు కనపడవు. మండేలా ఉన్న చోట ఒకరు రంగు పెన్సిళ్లు కొనుక్కొచ్చి, రంగులు నింపి ఆయనకి చూపించారు. 1994 మార్చి 15న ఆమోదం, ఏప్రిల్ 27న, అన్ని జాతులవాళ్లూ ఓటేసిన తొలి ఎన్నికల రోజు, ఎగరడం. మధ్యలో ఆరు వారాలు. ఒక దేశానికంతటికీ సరిపడా జెండాలు ఆరు వారాల్లో! ఆ హడావిడి ఎలా ఉంటుందో ఊహించగలను. ఐదేళ్లకి తాత్కాలికంగా అనుకున్నదే 1996 రాజ్యాంగంతో శాశ్వతమైంది.

అపోహ: నారింజ, తెలుపు, నీలం పాత జెండాని వర్ణవివక్ష ప్రభుత్వం తయారుచేసింది.

వాస్తవం: ఆ జెండా 1928 మే 31న ఎగిరింది. వర్ణవివక్షని పాలసీగా తెచ్చిన నేషనల్ పార్టీ ప్రభుత్వం వచ్చింది 1948లో. రంగులు డచ్చివాళ్ల పాత ప్రిన్స్ జెండావి. మధ్యలో మూడు బుల్లి జెండాలు: కర్ర వైపు బ్రిటిష్ జెండా, నడుమ నిలువుగా వేలాడుతూ ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌ది, ఆ పక్కన ట్రాన్స్‌వాల్‌ది. ఈ రెండూ ఆఫ్రికానర్ల (డచ్చి మూలాలున్న తెల్లవాళ్ల) పాత రాజ్యాలు. ఫ్రీ స్టేట్ జెండా మూలలో మళ్లీ డచ్చి జెండా ఉంటుంది, అంటే జెండాలో జెండా, అందులో ఇంకో జెండా. ఇంగ్లీషువాళ్లూ ఆఫ్రికానర్లూ తమ మధ్య గొడవ తీర్చుకోవడానికి చేసుకున్న ఏర్పాటు అది. 1957 దాకా బ్రిటిష్ జెండానీ పక్కనే ఎగరేశారు.

తేదీ సరిదిద్దినంత మాత్రాన ఆ జెండా నిర్దోషి అయిపోదు. నల్లవారిని ఎవరూ ఒక మాట అడగలేదు. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి ట్రూరో ఓడలో డర్బన్ చేరిన కూలీల్లో మన తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్ల బిడ్డలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ మూడు బుల్లి జెండాల్లో వీళ్లకీ చోటు లేదు.

అపోహ: పాత జెండా చూపిస్తే చాలు, జైలే.

వాస్తవం: కారణం లేకుండా దాన్ని ప్రదర్శించడం ద్వేష ప్రసంగమని 2019లో అక్కడి సమానత్వ కోర్టు తేల్చింది. చదువు, కళ, జర్నలిజం లాంటి వాటికి మినహాయింపు ఉంది. ఆ మధ్య ఒక నాటకం వాళ్లు అడిగితే కుట్టి ఇచ్చాం. గోడకి అలంకారంగా అడిగిన ఇంకొకరికి ఇవ్వలేదు. అది నా నిర్ణయం.

అపోహ: ఆరు రంగులున్న జాతీయ జెండా ప్రపంచంలో ఇదొక్కటే.

వాస్తవం: దక్షిణ సూడాన్ జెండాలోనూ ఆరున్నాయి. లెక్కపెట్టుకోండి.

అపోహ: నిలువుగా వేలాడదీయాలంటే జెండాని పక్కకి తిప్పితే సరిపోతుంది.

వాస్తవం: సరిపోదు. నల్ల త్రికోణం పైకి రావాలి, చూసేవాళ్లకి ఎరుపు ఎడమ పక్కన ఉండాలి. ఊరికే తిప్పితే ఎరుపు కుడికి పోతుంది, ఒకసారి తిరగేసి వెనక వైపు చూపించాల్సిందే. ప్రింటు జెండాలకి వెనక వైపు వెలిసినట్టు ఉంటుంది. అందుకే ఆర్డరిచ్చేటప్పుడే నిలువుగానో అడ్డంగానో చెప్పండి. నిలువుగా అంటే అతుకులు రెండు వైపులా మడిచి కుడతాం, దారం కొసలు ఎటు నుంచీ కనపడవు.