పర్సు, బెల్టు, బ్యాగు: బ్రాండ్ కథ చుట్టూ అల్లుకున్న అపోహలు – అసలు వాస్తవాలు

రోజూ వాడే వస్తువులకు బ్రాండ్ కట్టేటప్పుడు ఎక్కువ డబ్బు వృథా అయ్యేది కథకీ వస్తువుకీ పొత్తు కుదరని చోట. కొండల మీద షూటింగ్, మంచి మోడల్, మంచి సంగీతం అన్నీ ఉంటాయి. చూసినవాళ్లకు ఆ పర్సు ఒక్కటే గుర్తుండదు. ఈ రంగంలో పదేపదే వినబడే మాటలు కొన్ని తీసుకుని, ఏది ఎందుకు తప్పో చూద్దాం.

అపోహ: బ్రాండ్ కథ అంటే సంస్థ పెట్టినవాళ్ల జీవితగాథ.

వాస్తవం: కొనేవాళ్ల చేతికి వచ్చేది వస్తువు. కథ అందులో కనబడాలి. ఫ్రైటాగ్ బ్యాగులే చూడండి. 1993లో జ్యూరిక్‌లో మార్కస్, డేనియల్ ఫ్రైటాగ్ అనే అన్నదమ్ములు లారీల పాత టార్పాలిన్లతో బ్యాగులు కుట్టడం మొదలుపెట్టారు. పట్టీకి కారు సీటు బెల్టు, అంచుకి సైకిలు ట్యూబు వాడారు. టార్పాలిన్ని ఎక్కడ కోస్తే అక్కడున్న అక్షరం ముక్క, అక్కడి గీత బ్యాగు మీదికి వస్తాయి కాబట్టి ఏ రెండూ ఒకేలా ఉండవు. ఆ అన్నదమ్ముల పేర్లు తెలియనివాళ్లకి కూడా బ్యాగు చూడగానే సగం కథ తెలిసిపోతుంది.

అపోహ: మామూలు వస్తువులో చెప్పడానికి ఏముంటుంది?

వాస్తవం: వస్తువుని బల్ల మీద పెట్టి నాలుగు ప్రశ్నలు వేయండి. చెయ్యి ముందు ఎక్కడ తగులుతుంది? ముందుగా అరిగేది ఏ చోటు? పాతదాన్ని ఏ ఇబ్బంది వల్ల పక్కన పడేశారు? తయారీలో దేనికోసం కావాలని ఎక్కువ ఖర్చు పెట్టారు?

బెల్టు తీసుకుందాం. సాధారణంగా ఐదు రంధ్రాలు, మధ్యలో సుమారు 2.5 సెంటీమీటర్ల ఎడం. బెల్టు సైజు లెక్కపెట్టేది బక్కిల్ నుంచి మూడో రంధ్రం దాకా. ఏడాది వాడాక ఒక రంధ్రం మాత్రం కోలగా సాగుతుంది, బక్కిల్ నొక్కిన చోట అడ్డంగా ఒక మడత పడుతుంది. మనిషి చిక్కినా ఒళ్లు చేసినా పక్క రంధ్రం దగ్గర రెండో మడత మొదలవుతుంది. ఆ రెండు మడతల్ని దగ్గరగా తీసిన ఒక్క ఫొటో చాలు, మోడల్ అక్కర్లేదు. ఒక్క షరతు: తోలు నిజంగా ఫుల్ గ్రెయిన్ (పై పొర గీకకుండా ఉంచిన తోలు) అయి ఉండాలి. తోలు పొడిని అతికించి చేసిన బెల్టు అదే చోట పగిలి పొరలు లేస్తుంది. అప్పుడు ఈ కథే దాన్ని పట్టిస్తుంది.

మంచి కథలు చాలావరకు ఒక అవసరం నుంచో, కొరత నుంచో పుట్టాయి. యుద్ధానంతర కొరతల కాలంలో, 1947లో ఇటలీ సంస్థ గూచీ బ్యాగుకి వెదురు పిడి వాడింది. 1955 ఫిబ్రవరిలో వచ్చిన ఫ్రెంచి సంస్థ షనెల్ బ్యాగు 2.55, గొలుసు పట్టీతో భుజానికి తగిలించుకుని చేతులు ఖాళీగా ఉంచుకునేలా చేసింది.

అపోహ: ఆర్ట్ డైరెక్షన్ అంటే అందమైన ఫొటోలు తీయించడం.

వాస్తవం: ఏది చూపించాలో, ఏది ఎప్పటికీ చూపించకూడదో ముందే కాగితం మీద పెట్టడమే ఆర్ట్ డైరెక్షన్. ఒక్క పేజీ చాలు: పన్నెండు పదాల్లోపు కథ, వెలుగు ఏ వైపు నుంచి, బ్యాక్‌గ్రౌండ్లు ఎన్ని (రెండు మించొద్దు), చేతులు ఎలా కనబడాలి, ఫ్రేము ఎక్కడ కొయ్యాలి, నిషేధాల పట్టిక. మా అనుభవంలో పేజీలో అన్నిటికంటే పనికొచ్చేది ఆ పట్టికే.

మూడ్ బోర్డులో (షూటింగ్ ఎలా ఉండాలో చూపే నమూనా బొమ్మల అట్ట) నలభై బొమ్మలు అతికిస్తే ఫొటోగ్రాఫర్ ఒకటి తీసుకుంటాడు, స్టైలిస్ట్ ఇంకొకటి తీసుకుంటుంది. ఎనిమిదో పదో చాలు. ప్రతి బొమ్మ కింద "ఇది వెలుగు కోసం మాత్రమే", "ఇది చేతి భంగిమ కోసం" అని రాయండి. అది రాయకపోతే వెలుగు కోసం పెట్టిన బొమ్మలోని ఎర్ర గోడ షూటింగ్‌లోకి వచ్చేస్తుంది.

అపోహ: వస్తువు బాగుంటే ఫొటో దానంతటదే బాగా వస్తుంది.

వాస్తవం: ఇక్కడే కథ ఎక్కువగా దెబ్బతింటుంది, అందుకే కాస్త వివరంగా. ఖాళీ బ్యాగు కూలబడి కనిపిస్తుంది. టిష్యూ కాగితాన్ని ముందు మూలల్లోకి, తర్వాత మధ్యలోకి నింపండి. జిప్పు లాగిపట్టకుండా మూసుకోవాలి, లేదంటే కుట్టు వెంట ముడతలు పడతాయి. పిడిని సన్నని ఫిషింగ్ లైన్‌తో పైకి కట్టి, ఆ దారాన్ని తర్వాత చెరిపేయొచ్చు.

కెమెరాని దగ్గర పెట్టి వైడ్ లెన్సుతో తీస్తే ముందు మూల ఉబ్బిపోయి చిన్న పర్సు పెద్ద బ్యాగులా కనబడుతుంది. 85 నుంచి 100 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం సైజు) మంచిది. కిటికీ వెలుగూ గది బల్బూ కలిస్తే ఒకే గోధుమ రంగు తోలు ఒకవైపు నీలంగా, ఇంకోవైపు పసుపుగా వస్తుంది. ఒకటి ఆపేయండి. మొదటి ఫ్రేములో గ్రే కార్డు (తర్వాత రంగులు సరిచేసుకోవడానికి వాడే బూడిద రంగు అట్ట) పెట్టండి.

బక్కిల్ అద్దంలాంటిది, గదినంతా చూపిస్తుంది. ముందు పెద్ద తెల్ల డిఫ్యూజర్ (వెలుగుని మెత్తబరిచే తెర) పెట్టి, రెండు పక్కలా సన్నని నల్ల అట్టలు నిలబెడితే అంచులు గీసినట్టు తేలతాయి. కళ్లజోడుతో ఇంకో చిక్కుంది. ప్రతిబింబాలు తగ్గుతాయని కెమెరాకి పోలరైజర్ అనే ఫిల్టర్ తగిలిస్తారు. కళ్లజోడు గాజు కూడా పోలరైజ్డ్ (అలాంటి ఫిల్టరే ఉన్నది) అయితే ఒక కోణంలో అది పూర్తిగా నల్లబడుతుంది. గాజు రంగే మీ కథ అయితే ఆ ఫిల్టర్ తీసేసి లైటు జరపండి, గాజు వెనక చిన్న తెల్ల అట్ట పెట్టండి.

వాచీ ముళ్లు 10:10 దగ్గర పెట్టే ఆనవాయితీకి కారణం సులువే: 12 కింద ఉండే పేరు మరుగున పడదు. ఇక బ్యాగు సైజు తెలిసేలా భుజాన వేసుకున్న ఫొటో ఒకటి, ఫోను పక్కన పెట్టిన ఫొటో ఒకటి తప్పనిసరి. "ఇంత చిన్నదనుకోలేదు" అంటూ సరుకు తిరిగి రావడానికి చాలాసార్లు ఈ రెండు ఫొటోలు లేకపోవడమే కారణం.

అపోహ: లోగో పెద్దదైతే బ్రాండ్ గుర్తుంటుంది.

వాస్తవం: లోగో మీద బొటనవేలు పెట్టి చూడండి. అప్పటికీ ఎవరిదో తెలిస్తే బ్రాండ్ ఉన్నట్టు. లోపలి గుడ్డ, అంచు రంగు, ఒకే చోట వచ్చే ఒక కుట్టు ఇలాంటివి పదే పదే కనబడి గుర్తుండిపోతాయి. లూయీ విటాన్ మోనోగ్రామ్ (పేరులోని అక్షరాలతో అల్లిన నమూనా) 1896లో వచ్చింది నకిలీల్ని అడ్డుకోవడానికి. అక్కడ కూడా కంటికి గుర్తుండేది ఒక్క గుర్తు కాదు, మొత్తం పరుచుకున్న అల్లిక.

రంగుని గుర్తుగా ఎంచుకుంటే జాగ్రత్త. తోలు, దారం, కాగితం ఒకే రంగుని ఒకేలా పట్టవు. దుకాణం లైటులో ఒకేలా కనబడిన రెండు గోధుమ రంగులు ఎండలో వేరువేరుగా కనబడతాయి. శాంపిల్‌ని రెండు వెలుగుల్లోనూ చూశాకే ఒప్పుకోండి. పూత లేని కాగితం మీద సిరా మెరుపు తగ్గి, మసకగా కనిపిస్తుంది కాబట్టి దానికి ప్రింటింగ్ రంగుల పట్టికలోంచి వేరే రంగు నంబరు ఇవ్వాలి.

అపోహ: ప్రతి సీజన్‌కీ కొత్త కథ కావాలి.

వాస్తవం: 1993లో వచ్చిన ఫ్రెంచి సంస్థ లాంగ్‌షాంప్ మడత బ్యాగు ఆకారం ఇప్పటికీ చూడగానే గుర్తుపట్టేలా ఉంది. మారుతూ వచ్చినవి రంగులు. వెలుగు, ఫ్రేము, మాటతీరు కదపకుండా రంగో, చోటో ఒక్కటి మార్చండి.

అపోహ: "చేత్తో చేసింది" అని రాస్తే విలువ పెరుగుతుంది.

వాస్తవం: కుట్టు మిషన్‌ది అయినప్పుడు ఆ మాట అబద్ధం. సమానంగా పడిన లాక్ స్టిచ్‌ని (మిషన్ వేసే కుట్టు) చూసి తెలిసినవాళ్లు ఇట్టే పట్టేస్తారు. "కుట్టు మిషన్ మీద. అంచు రంగు మూడు పూతలు, చేత్తో, ఒక్కో పూత ఆరాక గీకి" అని రాయండి. ఏ పనికి ఎవరి చెయ్యి పడిందో ఆ ఒక్క వాక్యం చెప్పేస్తుంది. హ్యాంగ్‌ట్యాగ్ (వస్తువుకి వేలాడే అట్ట చీటీ) మీద దీనికి నలభై పదాల చోటు చాలు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) అట్ట, అక్షరం 7 పాయింట్లకి తగ్గకుండా, చుట్టూ 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు అంచు) ఉంచండి. కుట్టు ఊడితే ఎక్కడికి పంపాలో వెనక వైపు రాయండి.