మానిటర్ కాలిబ్రేషన్: అపోహలు - వాస్తవాలు

అపోహ: పెళ్లి ఆల్బమ్ నల్లగా వస్తే తప్పు ప్రింటింగ్ ల్యాబుదే.

వాస్తవం: ఆల్బమ్ డిజైనర్లు తరచూ చేసే ఫిర్యాదు ఇదే అయినా, చాలాసార్లు కారణం ల్యాబులో కాక ఎడిటింగ్ టేబుల్ మీదే ఉంటుంది. మానిటర్ బ్రైట్‌నెస్‌ను 250, 300 నిట్స్ (తెర వెలుగును కొలిచే ప్రమాణం) దాకా పెంచుకుని పనిచేస్తున్నప్పుడు, వెలుగు చాలని ఫొటో కూడా తెర మీద చక్కగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని సరిచేయాలన్న ఆలోచనే రాదు. తీరా ప్రింటు చేతికొచ్చేసరికి పెళ్లికూతురి జడ పాయలు, పెళ్లికొడుకు కోటు మడతలు కలిసిపోయి నల్లటి ముద్దగా మిగులుతాయి. కాగితానికి సొంత వెలుగు ఉండదు. ప్రింటు కోసం ఎడిట్ చేసేటప్పుడు గదిలో వెలుతురు తగ్గించుకుని, మానిటర్‌ను 80 నుంచి 120 నిట్స్ మధ్య ఉంచుకోవాలి. ఏ పరికరమూ కొనకముందే ఈ ఒక్క మార్పు చేసి చూడమని గట్టిగా చెబుతాను.

అపోహ: అనుభవమున్న కంటికి కలరిమీటర్ (తెర రంగులను కొలిచే పరికరం) అక్కర్లేదు.

వాస్తవం: ఎంతటి అనుభవజ్ఞుల కన్నయినా ఎదుటి వెలుగుకు అలవాటుపడిపోతుంది. విడివిడిగా తెల్లగా కనిపించిన రెండు మానిటర్లను పక్కపక్కన పెట్టి ఖాళీ పేజీ తెరిస్తే, ఒకటి నీలంగా, మరొకటి పసుపుగా బయటపడటం మామూలే. కలరిమీటర్‌ను తెరకు ఆనించి, సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కటిగా చూపించే రంగులను కొలిపించినప్పుడు రెండు పనులు జరుగుతాయి: తెలుపు ఛాయను 6500 కెల్విన్‌కు, గామాను (ముదురు నుంచి లేత దాకా వెలుగు పెరిగే తీరును) 2.2కు తేవడం కాలిబ్రేషన్. ఆ తర్వాత మానిటర్ ఏ రంగును ఎలా చూపిస్తోందో ఐసీసీ ప్రొఫైల్ అనే ఫైలుగా నమోదు చేయడం ప్రొఫైలింగ్. ఆ ప్రొఫైల్‌ను ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగించాలే తప్ప, కొందరు చేస్తున్నట్టు ఫొటోషాప్‌లో వర్కింగ్ స్పేస్‌గా (ఎడిటింగ్‌కు ఎంచుకునే రంగుల పరిధిగా) పెట్టుకోకూడదు. కొలిచే ముందు మానిటర్‌ను అరగంట వెలిగించి ఉంచాలి. రాత్రిపూట తెరను పసుపుగా మార్చే నైట్ లైట్ ఆపేయాలి.

అపోహ: ఒకసారి చేస్తే చాలు.

వాస్తవం: వాడకంతో తెర వెనక వెలిగే బ్యాక్‌లైట్ మారుతుంది. నెలకోసారి చేయడం మంచి అలవాటు.

అపోహ: వైడ్ గామట్ (మామూలు కంటే ఎక్కువ రంగులు చూపే) మానిటర్ కొంటే రంగులు వాటంతటవే సరిగ్గా వస్తాయి.

వాస్తవం: కలర్ మేనేజ్‌మెంట్ లేని, అంటే ప్రొఫైల్‌ను పట్టించుకోని సాఫ్ట్‌వేర్‌లో, ఎస్‌ఆర్‌జీబీ (మామూలు తెరల రంగుల పరిధి) ఫైలులోని కుంకుమరంగు పట్టుచీర ఆ మానిటర్ మీద మండిపోతున్నట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మి శాచురేషన్ (రంగు గాఢత) తగ్గిస్తే ప్రింటులో చీర వెలిసిపోతుంది.

అపోహ: కాలిబ్రేట్ చేసిన తెర, ప్రింటు అచ్చం ఒకేలా ఉంటాయి.

వాస్తవం: తెర చూపగలిగే రంగులన్నీ కాగితం మీదికి రావు. ల్యాబు తన పేపర్ ప్రొఫైల్ ఇస్తే, ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్ చేసి (ప్రింటు ఎలా వస్తుందో తెర మీదే చూపించుకుని) ఆ తేడాను ముందే చూసుకోవచ్చు. వచ్చిన ప్రింటును పరిశీలించేటప్పుడు, ఇంట్లోని పసుపు బల్బు కింద కాక 5000 కెల్విన్ దీపం వెలుతురులో చూడాలి.