మేత బీళ్ల ఫోటోలు: అపోహలు – వాస్తవాలు

మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లాలో ధర్మాబాద్, బిలోలీ, దెగ్లూర్ వైపు తెలుగు మాట్లాడే గొర్రెల కాపరులు చాలామంది ఉన్నారు. వాళ్ల ముందూ, వాళ్లకు సలహాలిచ్చే పశువుల డాక్టర్ల ముందూ ఒకే బీడు ఫోటోలు పెట్టి మాట్లాడించడం నా పని. దీని మీద తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: ఫోటోలో పచ్చగా ఉంటే మంచి మేత ఉన్నట్టే.

వాస్తవం: తొలకరికి లేత పచ్చిక కమ్ముకున్న గట్టు ఫోటో చూపిస్తే కాపరికి టెన్షన్ మొదలవుతుంది. ఆకలి మీదున్న మంద ఒక్కసారిగా లేతగడ్డి మీద పడితే చిటుకు రోగం (గొర్రెలు ఉన్నట్టుండి చచ్చిపోయే పేగు జబ్బు) వస్తుందని భయం. కాస్త ఎండుమేత పెట్టాకే అటు తోలుతానంటాడు. డాక్టరేమో వానలకు ముందే టీకా వేయించారా అని అడుగుతారు. ఇద్దరి భయమూ ఒకటే, జాగ్రత్తలే వేరు. కోసిన జొన్నచేలో మళ్లీ లేచిన పిలకల ఫోటో పెట్టండి, నాము పడుతుందని, అంటే లేత జొన్న తిని మందకు విషమెక్కుతుందని, పక్కకు నెట్టేస్తాడు. మేతకు పనికిరాని వయ్యారిభామ కలుపు కమ్మేసిన పడావు కూడా దూరం నుంచి పచ్చగానే కనిపిస్తుంది. ఉపగ్రహ చిత్రాల్లో పచ్చదనం కొలత ఒక్కటే చూస్తే ఈ తేడాలు తెలియవు.

అపోహ: చదువు రానివాళ్లకు ఫోటోలు అర్థం కావు.

వాస్తవం: ఇది వింటే నాకు బాధేస్తుంది. ఎండిన గుట్ట ఫోటోలో గడ్డి ముళ్లు ఇంకా రాలలేదని మనకంటే ముందు కనిపెట్టేది వాళ్లే. ఆ ముళ్లు దక్కనీ గొర్రె ఉన్నిలో చిక్కి చర్మంలోకి దిగుతాయి.

అపోహ: డాక్టరు చెప్పేది శాస్త్రం, కాపరి చెప్పేది అభిప్రాయం.

వాస్తవం: గడ్డిలో ప్రొటీన్ ఎంత, ఎకరానికి ఎన్ని జీవాలు అని డాక్టరు లెక్క చూస్తారు. నీళ్లు ఎంత దూరం, దారి ఎవరి చేను మీదుగా, నీడ ఉందా అని కాపరి చూస్తాడు. రెండూ కావాలి. కాకపోతే మొదట విడివిడిగా అడగాలి. డాక్టరు పక్కనుంటే కాపరి ఆయన మాటే తిరిగి చెబుతాడు.

అపోహ: ఇదంతా కొత్త ఫ్యాషన్.

వాస్తవం: ఫోటోలతో ఇంటర్వ్యూ చేయడం గురించి అమెరికాలో జాన్ కాలియర్ అనే మానవశాస్త్ర పరిశోధకుడు 1957లోనే రాశారు.

మీరూ చేయాలనుకుంటే మనిషి కంటి ఎత్తు నుంచే ఫోటో తీయండి, వెనక నెల రాసుకోండి. "బాగుందా?" అని కాదు, "ఇటు మందను ఎప్పుడు తోలుతారు, ఎప్పుడు తోలరు?" అని అడగండి. ఆడవాళ్లకూ చూపించండి. గొర్రెపిల్లల్ని సాకేది, మేత కోసుకొచ్చేది చాలా ఇళ్లలో వాళ్లే.